గొడ్డలి నేర్వవలసిన చదువు

చెట్టు నాటుట పుణ్యమనియు, నఱకుట పాపమనియు మన యిండ్లలో పిల్లలకు చెప్పుచున్నాము. మంచి మాటయే, కాని అడవిమీద బ్రతుకువారికి అది చాలదు, అడవిని కాపాడవలసినవారికి అసలే చాలదు. ఎంత నఱకవచ్చును, ఎప్పుడు నఱకవచ్చును, నఱికిన పిమ్మట నేమి మిగులును అనునదే అటవీ విద్య. కృష్ణా తుంగభద్రల నడుమ, ప్రత్తిచేల మధ్యనున్న అయిజకు ఈ గొడవ యేల యని కొంద ఱడుగుదురు. ఆ ప్రశ్నకు తరువాత వత్తును.

తెలంగాణపు అడవులలో ఫిబ్రవరి, మార్చి నెలలయందు తునికి పొదలను మొదలంట కొట్టుదురు. సుమారు 45 దినములకు మోడునుండి వచ్చు లేతాకే బీడీకి పనికివచ్చును. కొట్టకున్న ఆకు బిరుసెక్కును. ఇచట కత్తిపని హింస కాదు, సేద్యము. తపసిచెట్టు సంగతి వేఱు. జిగురు కొఱకు దాని బెరడును గాయపఱతురు. గాయము చిన్నదై పైపైన నున్నచో మానును, చెట్టు మఱుసటి యేడును జిగురిచ్చును. లోతుగా, వెడల్పుగా చెక్కినచో కొన్ని యేండ్లకే చచ్చును. అహింస యను నొక్క మాటతో ఈ రెంటికిని తీర్పు చెప్పుట యెట్లు?

లోతుగా చెక్కువాడు మూర్ఖుడని తొందరపడరాదు. ఆ చెట్టు రేపు తన చేతికి దక్కునో దక్కదో తెలియనివాడు నేడే చెక్కును. అడవి నాశనమున అజ్ఞానముకన్న ఈ అనిశ్చయమునకే పెద్ద పాలున్నదని నా తలంపు.

శాస్త్రము ఈ చిక్కును సగమే విప్పినది. 1856లో బర్మాలోని పెగూ టేకు అడవులకు అధికారియైన బ్రాండిస్ అను జర్మను వృక్షశాస్త్రజ్ఞుడు ఏనుగు నెక్కి పోవుచు, చేత నాలుగు వెదురుముక్కలు పట్టుకొని, చెట్ల లావు ననుసరించి తరగతికొక ముక్కపై, కనబడిన ప్రతి టేకునకును ఒక గంటు పెట్టెడివాడట. లెక్క తేలినగాని యేటికెన్ని చెట్లు తీయవచ్చునో తెలియదు. అసలు ముట్టక వడ్డి తినుట యన్నమాట. ఆయన పూనికచే 1878లో డెహ్రాడూనున అటవీ పాఠశాల వెలసెను. ఆ యేడే వచ్చిన అడవి చట్టము బ్రిటిషిండియాలో తరతరముల వాడుకను సర్కారు దయగా మార్చివేసెను. గ్రామములకును తమవైన అడవులుండవలెనని బ్రాండిస్ వాదించెను గాని ఆ మాట సాగలేదు. చెట్లను లెక్కించిన విద్య మనుష్యులను లెక్కింప మఱచినది.

2006 నాటి అటవీ హక్కుల చట్టము అడవిని కాపాడుకొను, నిర్వహించుకొను హక్కును గ్రామసభకు ఒప్పుకొన్నది. నాగర్‌కర్నూలు, నల్గొండ జిల్లాలలో, 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాదు పులుల అభయారణ్యమున చెంచుల పెంటలును ఉన్నవి, పులికిని చోటు కావలెను. హక్కు చేతికి వచ్చినంతనే లెక్క రాదు. లెక్క నేర్పువాడు హక్కును కాదనరాదు.

ఇక అయిజ మాట. అడవి లేని చోటను అడవి తప్పిదములు వచ్చి చేరును. వంటచెఱకు కఱవు తీర్చుటకై 1877లో కడప ప్రాంతమున విత్తిన విదేశపు తుమ్మ నేడు సర్కారు తుమ్మ యను పేర బీళ్లను, చెఱువు కడుపులను ఆక్రమించినది. పైపైన కొట్టినకొలది గుబురుగా చిగుర్చును. మొదలు మట్టిలోనుండి త్రవ్వి తీయనిదే చావదు. బొగ్గు కాల్చువానికి అది కూడు, చెఱువును నమ్మినవానికి శత్రువు. దానిని ఎచట నుంచవలెను, ఎచట పెకలింపవలెను అనునది ఈ యిరువురును కూడి తేల్చవలసినది. గట్లమీది వేపలకును ఇదే చిక్కు: మేకలకు కొమ్మ కొట్టువాడొకడు, నీడ కోరువాడొకడు, దూలమునకు కన్నువేసినవాడొకడు.

ఏటికొకమారు బడిపిల్లలచే ఊరి చెట్లను లావు ననుసరించి లెక్కింపించి, ఆ పట్టిక గ్రామసభలో చదివించినచో, తగవు కనీస మొక లెక్కమీద జరుగును. దీనికి ఏనుగు అక్కఱలేదు. నాలుగు వెదురుముక్కలును ఒక చిన్న కత్తియును చాలును.