ఈ ఏటి ఆకు

మిషిగన్‌లో ఏప్రిల్ వచ్చేసరికి మొక్కల దుకాణాల్లో పియోని దుంపలు సంచుల్లో వేలాడుతుంటాయి. సంచి మీద అరచేతికి మించిన పువ్వు బొమ్మ. లోపల చూస్తే మట్టిరంగు వేళ్ల ముద్ద. కందకు ఉన్నట్టే దీనికీ కన్నులుంటాయి: చిటికెనవేలి గోరంత, ఎర్రగా, మొనదేలి. నేను ఆ కన్నులు చూసి కొంటాను. ఈసారి తెచ్చింది ఫెస్టివా మాక్సిమా. ముద్దగా పూసే తెల్లటి పువ్వు, నడిమి రేకుల మీద అక్కడక్కడా ఎర్రటి చుక్కలు, మంచి వాసన.

దీన్ని నాటడానికి అసలైన కాలం సెప్టెంబరు, అక్టోబరు. అప్పుడు పాతితే నేల గడ్డకట్టేలోపు పీచువేళ్లు పోసుకుంటుంది. వసంతంలో పాతిన దుంపకు ఆ వ్యవధి లేదు. చిగురూ వేరూ ఒక్కసారే పుట్టించుకోవాలి, ఉన్నదేమో లోపల దాచుకున్న పిండిపదార్థమే. అందుకే తొలి ఏడు జానెడు కాడ, నాలుగు ఆకులు. మొగ్గ తొడిగినా తుంచేస్తాను. మనసొప్పదు, అయినా తుంచుతాను.

"ఇంకా పూయలేదటే?" అని అమ్మ ఫోనులో అడుగుతుంది. "ఆకులేసిందమ్మా" అంటే ఆవిడకది జవాబుగా తోచదు. బంతి నారు పోస్తే దసరాకల్లా పూలు కోసుకునే ఊరు మాది. అక్కడ పూయని మొక్కంటే ఏదో లోటున్న మొక్కే. నాకిప్పుడు అలా అనిపించడం లేదు. వచ్చే ఏటి మొగ్గ ఈ ఏటి ఆకు సంపాదించిన దానితోనే, నేల కిందే రూపు కడుతుంది. అందుకే పూలు రాలిపోయాక కూడా ఆకును కోయరు, మంచు పడి వాడేదాకా ఉండనిస్తారు.

చలి సంగతీ అంతే. గడ్డకట్టే చలికి దగ్గరి చల్లదనం వారాల తరబడి తగిలితేగాని ఆ కన్ను సరిగా మేలుకోదు. కష్టమే మనిషిని పూయిస్తుందని దీన్నుంచి అర్థం లాగడం నాకిష్టం లేదు. అదే చలికి వదిలేస్తే నా మల్లె కుండీ ఒక్క రాత్రిలో నల్లబడుతుంది.

నన్ను ఎక్కువగా కదిలించేది మరొకటి. ఫెస్టివా మాక్సిమా 1851 నాటి ఫ్రెంచి రకం. విత్తనం వేస్తే అదే పువ్వు రాదు, దుంపను కోసి పంచుకోవలసిందే. అంటే నా చేతిలోకి వచ్చింది ఆ మొదటి మొక్క తాలూకు ముక్కే. కోసిన ప్రతిసారీ ఆ ముక్క కుదురుకోవడానికి ఒకటి రెండేళ్లు పట్టి ఉంటుంది. పువ్వు లేని ఆ ఏళ్లలో ఎవరో ఒకరు దాన్ని పీకి పారేయకుండా నీళ్లు పోశారు. ఆన్ ఆర్బర్‌లోని నికల్స్ ఆర్బొరీటంలో 1927లో తెరిచిన పియోని తోట ఉంది. జూన్ మొదట్లో అక్కడ వంగి వంగి పాత రకాల వాసన చూస్తుంటే నాకు ఆ పేరు తెలియని మనుషులే గుర్తొస్తారు. డచెస్ ద నెమూర్ అనే రకం దగ్గరైతే కదలబుద్ధి కాదు, తియ్యదనంలో సన్నగా నిమ్మ వాసన.

నా దుంప పెరిగి పెద్ద పొద అయ్యాక, ఒక శరత్కాలంలో నేనూ తవ్వి కోసి అడిగినవాళ్లకు ఇస్తాను. ముక్కకు మూడు కన్నులైనా ఉండేలా చూస్తాను. రెండంగుళాల కన్నా లోతుగా పాతవద్దని చెబుతాను. లోతైతే ఎన్నేళ్లైనా ఆకులే వస్తాయి.