నాబోతు ద్రాక్షతోట, మన ఊరి రహదారి



కరీంనగర్ నుండి హసన్‌పర్తి మీదుగా వరంగల్ చేరే రోడ్డు మనకు కొత్త కాదు. 563వ నంబరు జాతీయ రహదారిలోని 68 కిలోమీటర్ల ఈ భాగాన్ని నాలుగు వరుసలుగా విస్తరించే పనికి 2023 జులై 8న వరంగల్‌లో ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. అదే రోజు మంచిర్యాల – వరంగల్ మధ్య 108 కిలోమీటర్ల మరో రహదారి భాగానికి కూడా పునాది పడింది. రోడ్డు ప్రమాదాల్లో పోయిన పిల్లల భూస్థాపన ప్రార్థనలు నడిపించిన గురువుగా, నేను వెడల్పు రోడ్డు వద్దనలేను. ఆస్పత్రికి పోయేవారికి, పంటను మార్కెట్‌కు తోలేవారికి, చదువుకొనే బిడ్డలకు అది మేలే.

అయితే ఒక ఆదివారం దివ్యపూజ ముగిశాక ఒక కౌలు రైతు నా దగ్గరకు వచ్చాడు. ఆయన ఊరేదో, అక్కడ భూమి ఏ పనికి పోతున్నదో ఇక్కడ చెప్పడం అవసరం లేదు. "ఫాదర్, పట్టా ఉన్నాయనకు పైసలొస్తయి. పదకొండేండ్ల సంది దున్నుతున్నది నేను. నా పేరు ఏ కాయితంల ఉన్నది?" అని అడిగాడు. ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్నను పట్టుకొనే ఈ వారం నాలుగు మాటలు రాస్తున్నాను.

గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క వేసుకోవాలని క్రీస్తు ప్రభువు చెప్పారు (లూకా 14:28). మన ప్రభుత్వాలు లెక్క వేయవని కాదు. సిమెంటు, ఇనుము, మట్టి, వడ్డీ – అన్నీ పైసలతో సహా లెక్క వేస్తారు. ఆ లెక్కలోకి ఎవరు వస్తారు, ఎవరు రారు అన్నదే నీతికి సంబంధించిన ప్రశ్న. బావి గట్టు మీద చింతచెట్టు లెక్కలోకి వస్తుంది. ఆ చెట్టు నీడన సద్దిమూట విప్పుకొనే కూలి మనిషి లెక్కలోకి వస్తుందా?

ఈ ప్రశ్నకు మన దేశం చాలా ఆలస్యంగా జవాబు వెదికింది. 1894 నాటి భూసేకరణ చట్టం భూమికి ధర కట్టిందే తప్ప బ్రతుకులను అడగలేదు. 2014 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన 2013 భూసేకరణ చట్టం మొదటిసారిగా 'సామాజిక ప్రభావ అంచనా' అనే మెట్టును పెట్టింది. భూమి తీసుకొనే ముందే ఆరు నెలలలోగా ఆ అంచనా పూర్తి కావాలి. ఈ పని నిజంగా ప్రజల అవసరమేనా? ఇంతకంటె తక్కువ భూమితో జరగదా? మరో చోటు లేదా? ఎన్ని కుటుంబాలు ఇల్లు, పని, బడి, శ్మశానం కోల్పోతాయి? ఇవన్నీ విచారించి, ఊరి వారి మాట బహిరంగంగా విని, నివేదికను స్థానిక భాషలో ప్రచురించాలి. దానిని ఒక నిపుణుల బృందం పరిశీలిస్తుంది. లాభం కంటె నష్టమే ఎక్కువని తేలితే పనిని మానుకొమ్మని సలహా ఇచ్చే అధికారం ఆ బృందానికి ఉంది. ప్రభుత్వం ఆ సలహాను కాదనవచ్చు గాని, కారణాలు కాగితం మీద రాయాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది, పట్టా లేకపోయినా మూడేళ్ళుగా ఆ భూమి మీదనే బ్రతికిన కౌలుదారును, కూలీని కూడా ఈ చట్టం బాధిత కుటుంబంగా గుర్తిస్తుంది. అంటే నన్ను అడిగిన ఆ సహోదరుని పేరు ఉండవలసిన కాయితం ఒకటి నిజంగానే ఉన్నది.

మరి చిక్కు ఎక్కడ? గుమ్మం కట్టిన చేతులే పెరటి తలుపులు కూడా తెరిచాయి. జాతీయ రహదారులు, రైల్వేలు, బొగ్గు గనులు మొదలైన పదమూడు చట్టాల క్రింద సేకరించే భూములను ఈ అంచనా నుండి మొదటనే మినహాయించారు. పరిహారం, పునరావాసం నిబంధనలు 2015 నుండి వాటికీ వర్తిస్తున్నాయి. ముందుగా ఊరిని అడిగే మెట్టు మాత్రం వర్తించదు. మన రాష్ట్రం 2017లో అమలులోకి తెచ్చిన సవరణ ప్రకారం, నీటి పారుదల, పారిశ్రామిక వాడలు మొదలైన పనులను ప్రజాహితం పేరున ఈ అంచనా నుండి తప్పించే అధికారం ప్రభుత్వానికి దక్కింది. హక్కును ఉంచి, లెక్కించే మనిషిని తీసివేస్తే ఆ హక్కు ఎవరి చేతికి అందుతుంది? పేరు రాసుకొనేవాడు రాకపోతే, పట్టా లేనివాడు లేనట్లే.

సిద్దిపేట జిల్లాలో 50 టీఎంసీల మల్లన్నసాగర్ జలాశయం సంగతి మీకు తెలిసినదే. వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ మొదలైన ఎనిమిది గ్రామాలు నీటి క్రిందికి పోయాయి. భూమిని నేరుగా కొనడానికి ప్రభుత్వం 2015లో 123వ నంబరు జీవో తెచ్చింది. భూమి లేని కూలీల పునరావాసం మాట అందులో లేదు. 2016 ఆగస్టులో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం దానిని కొట్టివేసింది. అయినా పని ఆగలేదు. 2021లో ఊళ్ళు ఖాళీ అయ్యాయి, 2022 ఫిబ్రవరి 23న జలాశయం ప్రారంభమైంది. నీళ్ళు అవసరమా అంటే అవసరమే. కాని గజ్వేలు పక్కన కొత్త కాలనీలో ఇల్లు దొరికిన కుటుంబానికి, పాత ఊరిలో దొరికే అరువు, పొరుగు, పని కూడా ఆ ఇంటితో పాటు దొరికాయా? సంచిలో పెట్టి తీసుకుపోలేని వాటిని ధర కట్టి తీర్చలేము.

"పదివేల ఎకరాలు పండాలంటే పది ఊళ్ళు పోక తప్పదు గదా, ఫాదర్" అని కొందరు అంటారు. ఇది తేలిక మాట కాదు, తత్వశాస్త్రంలో పేరున్న వాదమే. ఎక్కువమందికి ఎక్కువ మేలు చేసేదే న్యాయమని అది చెబుతుంది. అయితే సువార్తలో ఈ లెక్క వేసినవాడు ఎవరో గుర్తు చేసుకోండి. జాతి అంతా నశించడం కంటె ఒక్కడు చనిపోవడం మేలని సభలో వాదించినవాడు ప్రధానార్చకుడు కైఫా (యోహాను 11:50). ఆయన కూడికలో తప్పు లేదు. ఆ ఒక్కణ్ణి మనిషిగా చూడకపోవడంలో తప్పున్నది. తిరుసభ చెప్పే ఉమ్మడి మేలు పెద్ద గుంపు లాభం కాదు. చిట్టచివరి కుటుంబాన్ని కూడా కలుపుకొంటేనే అది ఉమ్మడి మేలు.

అట్లని భూమి గలవాడి మాటే వేదమని కూడా తిరుసభ చెప్పదు. సొంత ఆస్తి న్యాయమే గాని దాని వాడకం అందరి అవసరాన్ని మరువరాదని పునీత తోమాసు అక్వినాసు బోధించారు. ఉమ్మడి మేలు కోసం ఒక్కోసారి భూమి తీసుకోవలసి వస్తుందని 1967లో ఆరవ పౌలు పోపుగారు తమ విశ్వలేఖలో ఒప్పుకొన్నారు. 2015లో వెలువడిన 'లౌదాతో సీ' విశ్వలేఖలో దివంగత ఫ్రాన్సిస్ పోపుగారు మరో మాట చేర్చారు. ప్రభావాల అంచనా పథకం తయారయ్యాక తగిలించే తోక కారాదని, మొదటి నుండీ జరగాలని, ఆ బల్ల దగ్గర స్థానికులకు ప్రత్యేక స్థానం ఉండాలని బోధించారు.

ఇప్పుడు నాబోతు కథ తిరిగి చదవండి (1 రాజులు 21). ఆహాబు రాజు మొదటి మాటలో అన్యాయం లేదు. ఇంతకంటె మంచి తోట ఇస్తాను, లేదా సొమ్ము ఇస్తాను అన్నాడు. నేటి భాషలో భూమికి భూమి, లేక నగదు పరిహారం. పితరుల భూమి ఇవ్వనన్నాడు నాబోతు. ఆ 'వద్దు'ను వినలేకపోవడం దగ్గర పాపం మొదలైంది. తరువాత యెజెబెలు చేసినదేమిటి? సభను పిలిపించింది, నాబోతును జనం ముందు కూర్చుండబెట్టింది, సాక్షులను ముందే సిద్ధం చేసుకొన్నది. పైకి అంతా పద్ధతి ప్రకారమే జరిగింది! తీర్పు ముందే రాసుకొని పెట్టే ప్రజాభిప్రాయ సేకరణ ఎంత పాతదో చూడండి.

ఆలస్యమైతే బీదలకే నష్టం గదా అనే అభ్యంతరంలో నిజమున్నది. ఎండిన పొలం ఆరు నెలలు ఆగలేదు. కాని ముందు వినని చోట తరువాత కోర్టులు, ధర్నాలు ఏళ్ళ తరబడి నడుస్తాయి. మన దగ్గరే చూశాము. వరంగల్ బాహ్యవలయ రహదారి వెంట 27 గ్రామాలలో ఇరవై వేల ఎకరాలకు పైగా భూ సమీకరణ తలపెట్టినప్పుడు రైతులు రోడ్డెక్కారు. 2022 మే నెలలో ఆ ప్రతిపాదనను వెనక్కి తీసుకొన్నారు. ముందే ఊరికి వచ్చి అడిగి ఉంటే ఎంత దుఃఖం, ఎంత కాలం మిగిలేవి!

చివరగా మన సంగతి. మన చింతగట్టు వైపు వెళ్ళినప్పుడు కనబడే కాకతీయ కాలువ నీళ్ళు గోదావరి నుండి వస్తాయి. 1963 జులై 26న పోచంపాడు దగ్గర నెహ్రూ గారు పునాది వేసిన ఆనకట్ట వెనుక ఊళ్ళు మునిగాయి. ఆ ఊళ్ళ పేర్లు మనలో ఎంతమందికి తెలుసు? మన పళ్ళెంలోని అన్నానికి ఎవరో ఇల్లు విడిచిపెట్టారు. భోజనానికి ముందు ప్రార్థనలో వారిని ఒక్కసారైనా తలచామా?

కనుక ఈ రోజుల్లో గ్రామసభ పిలిచినప్పుడు ఇంట్లో కూర్చోకండి. మీ భూమి పోతున్నప్పుడు మీ కౌలుదారు పేరు, కూలీల పేర్లు మీరే రాయించండి. "ఆయన పేరు రాస్తే నా పైసలు తగ్గుతాయేమో" అనే భయం విడువండి, ఆయనకు రావలసినది మీ వాటాలోది కాదు. మన విచారణలో చదువుకొన్న యువతీయువకులు దరఖాస్తులు నింపడానికి వారానికి ఒక సాయంకాలం ఇవ్వండి. గుడి ఆవరణలో బల్ల, కుర్చీ నేను వేయిస్తాను.

ఆ కౌలు రైతు సహోదరునికి ఆలస్యంగానైనా ఇదే నా జవాబు: "నీ పేరు దేవుని గ్రంథంలో ఉన్నది. మనుషుల కాయితంలోనూ దానిని రాయించడం మా అందరి బాధ్యత. వచ్చే ఆదివారం పూజ తరువాత రా. కలిసి రాద్దాం."