రాతి క్రింది బంగారము

పెన్న యొడ్డున నున్న ప్రొద్దుటూరు పత్తికిని పసిడికిని పేరొందిన పట్టణము. బంగారు వర్తకమునుబట్టి దానిని రెండవ బొంబాయి యని జనులు పిలుచుటయు గలదు. జమ్మలమడుగున గాని పులివెందుల వైపు పల్లెలలో గాని ఒక యింట పెండ్లి కుదిరినచో, పెద్దలు మొదట తలచుకొనునది ప్రొద్దుటూరి బంగారు అంగళ్ళనే. అంగడి దీపముల వెలుగున తళతళలాడు ఉంగరమును అందఱును చూతురు. దానిని చేసిన చేతిని చూచువారు తక్కువ. ఆ చేయి చేయునది కేవలము జీవనోపాధియా, లేక బసవేశ్వరుడు చెప్పిన కాయకమా? శరణ బంధువులు విచారింపదగిన విషయ మిది.

ఉంగరమునకు రాయి పొదుగుట ఎట్టి పనియో కొంచెము తెలిసికొనిన గాని ఈ ప్రశ్నలోని బరువు తెలియదు. మేలిమి బంగారము మిక్కిలి మెత్తనిది. దానితోనే ఉంగరము చేసినచో రాయి నిలువదు. అందుచే రాగిని, వెండిని కొలది పాళ్ళలో చేర్చి మూసలో కరగింతురు. బంగారము కరగుటకు 1064 డిగ్రీల వేడి కావలెను. నూటికి 91.6 పాళ్ళు బంగార మున్నచో అది 22 క్యారెట్లది. కరగిన దానిని కడ్డీగా పోసి, సుత్తెతో సాగగొట్టి, గుండ్రముగా వంచి, వెలిగారము పూసి, టంకము పెట్టి అతుకుదురు. ఆపైన రాతికి గూడు కట్టవలెను. కుందనపు పనిలో ఆ గూటిని లక్కతో నింపి, రాయి మెఱయుటకు దాని క్రింద పలుచని రేకు నుంచి, కాగితమువలె సాగగొట్టిన మేలిమి బంగారమును రాతి చుట్టును కొద్దికొద్దిగా ఒత్తుదురు. నిప్పుతో పనిలేదు, టంకముతో పనిలేదు. చేతి ఒత్తిడియే రాతిని పట్టి నిలుపును. కంటిచూపు, ఊపిరి, చేతి నిదానము మూడును ఒక్కచో కూడినగాని ఆ పని సాగదు. లింగపూజకు గూర్చున్న వానికి కావలసినవియు ఇవియే గదా!

చిక్కంతయు ఆ గూటియందే యున్నది. రాయి పొదిగిన పిమ్మట దాని క్రింద నేమున్నదో కొన్నవాడు చూడజాలడు. లక్క ఎంత, బంగార మెంత? రేకు వెండిదా, మఱియొకటియా? లక్కను బంగారముతో కలిపి తూచి పసిడి ధర కట్టినచో అడుగువా డెవడు? ఉంగరమును పగులగొట్టిన నాడు గదా నిజము బయటపడుట! గీటురాయి పైపూతను చెప్పగలదు గాని గూటిలోని గుట్టును చెప్పలేదు.

ప్రభుత్వము 2021 జూన్ 16 నుండి, మొదట 256 జిల్లాలలో, బంగారు నగలకు హాల్‌మార్కు ముద్రను తప్పనిసరి చేసినది. కొనువారి మేలు గోరి చేసిన మంచి పని యది. అయినను కుందనము, పోల్కీ, జడావు నగలకును, రెండు గ్రాములకు లోబడిన చిన్న నగలకును ఆ నిర్బంధమునుండి మినహాయింపు నిచ్చిరి. ముద్ర ఎచ్చట మిక్కిలి కావలసియున్నదో అచ్చటనే అది తప్పనిసరి కాకపోయినది. ఇది చట్టము చేసినవారి తప్పని యెంచరాదు. అట్టి నగను పరీక్షించుట నిజముగా కష్టమే. చట్టము చేయి చాచలేని ఆ వేలెడు చోటులో పనివాని మనస్సాక్షి యొక్కటే కాపలా.

కల్యాణమున ఆయిదక్కి మారయ్య కాయక మేమి? బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజల నేరి తెచ్చుట. ఒకనాడు మారయ్య నిత్యము తెచ్చుదానికంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. భార్యయగు లక్కమ్మ దానిని చూచి సంతసింపలేదు. మనకు కావలసిన దెంత, ఇది యెంత యని నిలదీసి, మిగులును ఎచ్చటనుండి తెచ్చెనో అచ్చటనే పోసిరమ్మనెను. రాలిన గింజలే యైనను, దొంగిలించినవి కాకున్నను, అక్కఱకు మించినవి గాన ఆమె ఒల్లదాయెను.

బంగారు పనియందును రాలు గింజలున్నవి. ఆకురాయితో రాచినపుడు రాలు రజను, ఉలికి అంటిన తునుక, కుంపటి బూడిదలో కలిసిన పలుకు. సాయంకాలము అంగడి నూడ్చి ఆ మట్టిని దాచుదురు. వీధి మట్టిని సైతము కడిగి పసిడి నేరుకొనువా రున్నారు. తరుగు అనుపేర కొన్నవానియొద్ద ముందుగానే వసూలు చేసిన బంగారము, రజనుగా మరల అంగడిలోనే మిగిలినచో అది ఎవరిది? లక్కమ్మ ఆ గడపలో నిలిచియున్నచో ఏమని యుండెడిదో ఊహించుట కష్టము కాదు. న్యాయమైన తరుగు తప్పు కాదు, మజూరి తప్పు కాదు. నైపుణ్యమునకు కూలి యుండవలెను, అదియు నిండుగా నుండవలెను. పనివానికి చాలినంత కూలి యీయక బేరమాడి, పిదప వాడు నిజాయితీగా నుండవలెనని కోరుట కొన్నవారి తప్పు. ఈ మాట పెండ్లిండ్ల వారికి రుచింపకపోవచ్చును.

శరణులలో ఈ వృత్తి యెఱిగినవాడు కిన్నర బ్రహ్మయ్య. అతడు ఆంధ్రదేశమునుండి కల్యాణమునకు వచ్చిన అక్కసాలె యని కన్నడ శరణ సంప్రదాయము చెప్పును. 13వ శతాబ్దిలో పాలకురికి సోమనాథుడు తన బసవపురాణమున అతని కథను పాడెను. ఉల్లిని హీనముగా పలికినందుకు ఆ భక్తుడు అలిగి వెడలగా బసవేశ్వరుడే ఉల్లిని గౌరవించి అతనిని మరల్చుకొనెను. శరణుజొచ్చిన మేకను కాపాడినవాడును అతడే.

ఈ మేక కథ నేటి ఉంగరములకును తగులును. ఏనుగు వెంట్రుక చుట్టిన ఉంగరము, పులిగోరు పొదిగిన పతకము అదృష్టము తెచ్చునని కొందఱు కోరుదురు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకార మట్టి వ్యాపారము నేరము. చట్టము మాట యటుంచుడు. దయలేని ధర్మమును బసవేశ్వరుడు ధర్మముగా నంగీకరింపలేదు. చంపబడిన మృగము గోరు మెడలో వ్రేలుచుండగా, దాని ప్రక్కనే ఇష్టలింగ మెట్లు వసించును? గ్రహమునకొక రాయియని వేళ్ళన్నియు నింపుకొనువారును ఆలోచింపవలెను; అంగముమీద లింగ ముండగా భయ మెవనివలన?

అపురూపమైన పొదుగుపని చూడదలచినవారు బసవకల్యాణ మున్న బీదరు జిల్లాకే పోవచ్చును. అచ్చటి బిద్రీ పనివారు తుత్తునాగమునకు కొంచెము రాగి చేర్చి పోతపోసి, ఉలితో గీతలు చెక్కి, వాటిలో వెండి తీగను సుత్తెతో కొట్టి దిగవేయుదురు. పిదప బీదరు కోటలోని పాత మట్టిని నవాసారముతో కలిపి కాచి పూయుదురు. ఆ మట్టి తగిలి లోహమంతయు నల్లబడును. వెండిని మాత్ర మది అంటదు. ఒకే మట్టి, ఒకే వేడి. మాఱునది మాఱినది, మాఱనిది నిలిచినది. సంసారమున నుండియు సంసార మంటని శరణుని గూర్చి చెప్పుటకు ఇంతకంటె దగ్గఱి పోలిక వెదకనక్కఱలేదు.

మన యిండ్లలోని లింగకాయనే చూడుడు. వెండి పని చేయువాడు దాని పైభాగమును చెక్కి, మెఱుగు పెట్టి, మూత బిగువుగా కూర్చును. అతడు లింగాయతుడే కానక్కఱలేదు. ఈ ప్రాంతమున తరతరములుగా ఈ విద్యను కాపాడిన విశ్వబ్రాహ్మణుడే కావచ్చును. కాయకమునకు కులము లేదు. మంచి పనివాడు బయటివైపునకు పెట్టినంత మెఱుగును లోపలికిని పెట్టును. మూత వేసిన పిదప ఆ లోపలిభాగమును అంగడివాడు చూడడు, పెండ్లికి వచ్చిన చుట్టములు చూడరు. ప్రతిదినము పూజవేళ మూత తీసిన భక్తునికి మాత్రము అది కనబడును.