మీటరు కూడా తక్కెడే

కరెంటును బియ్యంలా తూచలేము, పాలలా కొలిచి పోయలేము. అందుకే ప్రతి ఇంటికీ ఒక మీటరు బిగిస్తారు. వెయ్యి వాట్ల పరికరం ఒక గంట పనిచేస్తే ఒక యూనిట్. పాత మీటర్లలో గుండ్రటి అల్యూమినియం రేకు తిరుగుతూ ఈ లెక్క చెప్పేది. నేడు అంకెలు చెబుతున్నాయి. రూపం ఏదైనా అది తక్కెడే.

తక్కెడ విషయంలో ఇస్లాం ఎంత కఠినమో మనకు తెలుసు. దివ్యఖుర్ఆన్‌లో 'ముతఫ్ఫిఫీన్' పేరుతో ఒక సూరాయే ఉంది. తాము తీసుకునేటప్పుడు నిండుగా తీసుకొని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించే వారికి అందులో తీవ్రమైన హెచ్చరిక ఉంది.

నంద్యాల జిల్లా బేతంచెర్ల బండలకు పేరుపొందిన ఊరు. అక్కడ బండలను చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు. కొనేవాడు టేపు వంకరగా పట్టి వందలో ఐదడుగులు తగ్గిస్తే వ్యాపారి ఊరుకుంటాడా? ఊరుకోడు, ఊరుకోనక్కరలేదు కూడా. కాని అదే వ్యాపారి పాలిష్ యంత్రాల మీటరును నెమ్మదిగా తిరిగేలా చేయించుకుంటే? టేపు దగ్గర న్యాయం కోరిన మనిషి మీటరు దగ్గర దానిని మరచిపోయినట్లే కదా!

"ఇది ప్రభుత్వ సొమ్ము, ఏ ఒక్కరిదీ కాదు" అని కొందరంటారు. నిజమే, అది ఏ ఒక్కరిదీ కాదు, అందరిదీ. లెక్కకు రాని కరెంటు భారం కొంతమేర అందరి చార్జీలలోనూ కలుస్తుంది. నెల నెలా నిజాయితీగా బిల్లు కట్టే వితంతువు కూడా ఆ భారం మోస్తుంది. ఒక మనిషి సొమ్ము తీసుకుంటే అతని వద్దకు వెళ్ళి క్షమాపణ కోరవచ్చు. అందరి సొమ్ము తీసుకున్నవాడు ఎవరి గుమ్మం ముందు నిలబడతాడు?

ఖైబర్ యుద్ధం తర్వాత ఒక సేవకుడు బాణం తగిలి మరణించాడు. అతనికి స్వర్గం లభించిందని ప్రజలు సంతోషించారు. అయితే పంపిణీ కాకముందే ఉమ్మడి సొమ్ము నుండి అతను తీసుకున్న ఒక దుప్పటి అతనిపై అగ్నిగా మండుతోందని దైవప్రవక్త (స) తెలియజేశారు. ఆ మాట విని ఒక వ్యక్తి తన వద్దనున్న చెప్పుల వార్లు సైతం తెచ్చి అప్పగించాడు. చెప్పుల వారుకే లెక్క ఉంటే యూనిట్లకు ఉండదా?

"బిల్లు తప్పుగా వస్తోంది, మరి మేమేం చేయాలి?" అన్నది మరో ప్రశ్న. మీటరుపై అనుమానం ఉంటే ఫిర్యాదు చేసి పరీక్ష చేయించమని కోరే హక్కు వినియోగదారునికి ఉంది. ఒకరి తప్పు మన తప్పును ధర్మసమ్మతం చేయదు. మీటరు తారుమారు చేయడం 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ ప్రకారం దొంగతనమే. దానికి మూడేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు. అధికారి కంటపడకపోయినా అల్లాహ్ చూస్తూనే ఉన్నాడు.

మీటర్లు బిగించే, బాగుచేసే సోదరుల బాధ్యత ఇంకా పెద్దది. ఇచ్చేవారికీ తీసుకునేవారికీ మధ్య తక్కెడ పట్టుకున్నవారు వారే. డబ్బు తీసుకొని సీలు విప్పినా, ఇంటికి వెళ్ళకుండా రీడింగు రాసినా అది అమానతులో ద్రోహమే. స్క్రూ సరిగ్గా బిగించకపోతే వైరు వేడెక్కి ఇల్లు అంటుకోవచ్చు. కాబట్టి శ్రద్ధగా పనిచేయడం కూడా అమానతే.

జల్సాల కోసం, పెళ్ళిపందిళ్ళ కోసం స్తంభం మీది తీగకు కొక్కెం వేసే అలవాటు కూడా మానాలి. ధర్మబోధ జరిగే వేదికపై దొంగ వెలుగు ఎలా శోభిస్తుంది?

జరిగిపోయిన దానికి తౌబా ద్వారం తెరిచే ఉంది. అయితే నాలుకతో చెప్పే తౌబా ఒక్కటే చాలదు. వాడిన కరెంటును నిజాయితీగా అంచనా వేసి, ఆ సొమ్ము తిరిగి అదే సంస్థకు చేర్చాలి, సీలు సరిచేయించాలి. నెలకు కొన్ని వందలు ఎక్కువ కట్టవలసి వస్తుందేమో! ఆ వందలు ఇక్కడే కట్టడం సులభం. ప్రళయదినాన చెల్లించడానికి మన వద్ద పుణ్యాలు తప్ప రూపాయలు ఉండవు.

అల్లాహ్ మన ఇళ్ళను ధర్మసమ్మతమైన వెలుగుతో నింపుగాక! ఆమీన్.