చెరువు కట్ట, నిత్యకర్మ

భారతీయ ధర్మశాస్త్రాలు సత్కర్మలను ఇష్టం, పూర్తం అని రెండు పాయలుగా చూశాయి. యజ్ఞయాగాదులు ఇష్టం, బావులు, చెరువులు, తోటలు, సత్రాలు వంటి లోకోపకార నిర్మాణాలు పూర్తం. తెలుగు దేశంలో ఈ పూర్తధర్మానికి సప్తసంతానాల భావన తోడైంది. కొడుకును కనడం, గుడి కట్టించడం, కృతిని అంకితం పొందడం వంటి ఏడు పుణ్యకార్యాల వరుసలో చెరువు తవ్వించడానికీ స్థానం దక్కింది. వానచుక్కను ఒడిసిపట్టుకుంటే తప్ప బతుకు సాగని రాయలసీమకు ఈ భావన చేసిన మేలు అంతా ఇంతా కాదు. అయితే చెరువు కట్టించినవాడికి పుణ్యం ఉందని ఇంత స్పష్టంగా చెప్పిన సంప్రదాయం, ఆ కట్టను ఏటేటా కనిపెట్టుకుని ఉండేవాడి పనిని ఏ కోవలో చేర్చిందన్న ప్రశ్న అంత తేలిగ్గా తెగేది కాదు. 2021 నవంబరు తరువాత తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో దాన్ని పండితుల చర్చగా వదిలేయడానికీ వీలు లేదు.

ఆ నెల మూడో వారంలో వాయుగుండం కురిపించిన వానలకు తిరుమల కనుమదారులు మూతబడ్డాయి, కపిలతీర్థంలో ఆలయ మండపం దెబ్బతింది. 19వ తేదీ తెల్లవారుజామున, కార్తిక పౌర్ణమి నాడు, ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట తెగి వచ్చిన వరద కూడా తోడై, ఆనాటి కడప జిల్లా రాజంపేట మండలంలో చెయ్యేటి మీద ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది. పులపుత్తూరు, మందపల్లి, తొగురుపేట వంటి దిగువ పల్లెలలో 30 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు లేదా గల్లంతయ్యారు. పదకవిత్వంతో వేంకటేశ్వరుణ్ణి సేవించిన అన్నమాచార్యుడి స్వగ్రామం తాళ్లపాక కూడా ఆ మండలంలోనిదే. మరి రెండు రోజులకు, తిరుపతికి దగ్గరలోని రామచంద్రాపురం మండలంలో, శ్రీకృష్ణదేవరాయల నాటిదని జనం చెప్పుకునే రాయలచెరువు కట్టకు లీకేజీ కనిపించింది. దిగువ పల్లెలను ఖాళీ చేయించి ఇసుక బస్తాలు వేశారు. కట్ట నిలిచింది.

ఈ రెండు కట్టల విషయంలో జనం నోట సహజంగా వచ్చిన మాట ‘దైవఘటన’. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అన్నమయ్య ప్రాజెక్టు మీదికి వచ్చిన వరద అది వదలగలిగిన నీటికంటే ఎక్కువ. కానీ అదే సంవత్సరం డిసెంబరులో డ్యాముల భద్రత బిల్లుపై రాజ్యసభలో చర్చ జరిగినప్పుడు, ఆ ప్రాజెక్టుకు ఉన్న ఐదు గేట్లలో ఒకటి పనిచేసే స్థితిలో లేదని కేంద్ర జలశక్తి మంత్రి చెప్పారు. రాష్ట్రానికీ కేంద్రానికీ మధ్య దీనిపై వాదం నడిచింది. ఆ వాదంలో ఎవరిది పైచేయి అన్నది ఇక్కడ ముఖ్యం కాదు. వానను దైవానికి వదిలినా, గేటును దైవానికి వదలడానికి ఏ శాస్త్రమూ ఒప్పుకోదన్నది ముఖ్యం.

కర్మ విచారమే పనిగా పెట్టుకున్న మీమాంసా దర్శనం కర్మలను మూడు తరగతులుగా విడదీసింది. ఫలం కోరి చేసేది కామ్యం. గ్రహణస్నానంలా ఒక నిమిత్తం ఏర్పడినప్పుడు చేసేది నైమిత్తికం. సంధ్యావందనంలా విడవకుండా చేయవలసింది నిత్యం. నిత్యకర్మ చేసినందుకు ప్రత్యేకమైన పుణ్యం రాదని, అది విహితం కాబట్టే చేయాలని ప్రాభాకరుల మతం. చేయకపోతే ప్రత్యవాయం, అంటే విధిలోపం వల్ల కలిగే పాపం, వస్తుందని సాధారణంగా చెప్పుకునే మాట. ఈ విభజనను చెరువుకు అన్వయిస్తే విషయం కళ్లకు కడుతుంది. చెరువు కట్టించడం కామ్యం. దానికి కీర్తి, శాసనం, స్వర్గం అన్నీ ఉన్నాయి. తెగిన కట్టకు గండి పూడ్చడం నైమిత్తికం. దానికీ కొంత మెప్పు దొరుకుతుంది. కట్ట మీద మొలిచిన కంపచెట్లు కొట్టడం, తూము తలుపుకు గ్రీజు పూయడం, మొరవ కాలువలో పేరుకున్న పూడిక తీయడం మాత్రం నిత్యం. చేస్తే ఎవరికీ కనబడదు, ఆ పని పేరిట శిలాఫలకం లేవదు.

ఇక్కడ శంకరాచార్యుల నుంచి గట్టి ఆక్షేపణ ఎదురవుతుంది. తైత్తిరీయ భాష్యం మొదట్లోనే ఆయన, చేయకపోవడం అనేది అభావం కదా, అభావం నుంచి పాపమనే భావపదార్థం ఎలా పుడుతుందని నిలదీశారు. తర్కరీత్యా అది బలమైన ప్రశ్నే. కానీ మట్టికట్ట సంగతి తెలిసినవారికి ఒక సమాధానం తడుతుంది. కట్ట అడుగున తేటగా ఊరే నీరు అంతగా భయపెట్టదు. అదే నీరు బురదగా మారితే లోపలి మట్టి రేణువు రేణువుగా కొట్టుకుపోతోందని అర్థం. ఎండిన చెట్టు వేరు కుళ్లి మిగిల్చిన సందో, ఎలుక తవ్విన బొరియో దారి చూపితే అది లోలోపల బుంగగా పెరుగుతుంది. ఎవరూ ఏమీ చేయని ఆ నెలల్లో నీరు మాత్రం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. మనిషి పక్షాన ఉన్నది అభావమైనా కట్ట పక్షాన జరుగుతున్నది భావరూపమైన క్షయమే. ప్రత్యవాయమన్న మాట వేదాంతికి నచ్చినా నచ్చకపోయినా, నీటిపారుదల వ్యవహారంలో దానికి కొలవదగిన అర్థం ఉంది.

పూర్వులకు ఈ ఎరుక లేదనడం అన్యాయం. బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన పోరుమామిళ్ల శాసనం మంచి చెరువుకు కావలసిన పన్నెండు సాధనాలను, తప్పించుకోవలసిన ఆరు దోషాలను లెక్కపెట్టింది. ధర్మపరుడైన రాజు, జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు, గట్టి నేల, కొండల నడుమ రాతితో బలంగా కట్టిన కట్ట, పని తెలిసిన కూలీలు సాధనాలలో కొన్ని. దోషాలలో కట్ట నుంచి నీరు కారడం ఒకటి. ఒక వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్ల పాటు పనిచేశారని కూడా అదే శాసనం చెబుతుంది. నిర్వహణకు రాయలసీమలో దశబంధ మాన్యాలు ఉండేవి. చెరువు కట్టి, దాన్ని బాగు చేస్తూ ఉండే బాధ్యతకు ప్రతిఫలంగా ఆయకట్టు ఆదాయంలో పదో వంతుగానో, శిస్తు మినహాయించిన భూమిగానో ఇచ్చే ఏర్పాటు అది. తిరుమల శాసనాల్లోనూ ఇలాంటి లోకజ్ఞానమే కనిపిస్తుంది. భక్తులు సమర్పించిన సొమ్ముతో దేవుడి గ్రామాలలో కాలువలు, చెరువులు తవ్వించి, వాటి కింద పండిన పంట నుంచి నైవేద్యాలు జరిపించేవారు. అంటే స్వామి ప్రసాదం సైతం ఎక్కడో ఒక కట్ట క్షేమం మీద ఆధారపడి ఉండేది.

అయినా జనం మనసులో నిలిచిన కథ వేరు. చిత్తూరు కట్టమంచి వాడైన రామలింగారెడ్డి 1899లో రాసిన ‘ముసలమ్మ మరణము’, అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రం కట్ట తెగబోతున్నప్పుడు ఊరి కోసం ప్రాణమిచ్చిన కోడలి గాథ. త్యాగంగా అది మహోన్నతం. కానీ ఆ కట్ట అంతదాకా వచ్చే వరకు దాన్ని చూడవలసినవారు ఏం చేశారని ఆ గాథ అడగదు, విన్నవారూ అడగరు. నిత్యకర్మ లోపించిన చోట బలి అవసరమవుతుంది. ఆ బలి పూజ అందుకునేసరికి లోపం మరుగున పడుతుంది. ఆ బలి ఎప్పుడూ కోడలి వంతే ఎందుకవుతుందన్నది వేరే విచారణకు తగిన ప్రశ్న.

దీనికి విరుగుడు తిరుమల సంప్రదాయంలోనే ఉండటం విశేషం. రామానుజులకు మేనమామ అయిన తిరుమలనంబి చేసింది తీర్థకైంకర్యం. కైంకర్యమంటే ఫలాపేక్ష లేని సేవ. ఆయన పాపవినాశనం నుంచి ప్రతి దినమూ స్వామి అభిషేకానికి నీళ్లు మోసేవారని, ముసలితనంలో ఆ శ్రమ చూడలేక స్వామే బోయ వేషంలో వచ్చి ఆకాశగంగను చూపాడని ఐతిహ్యం. ఆ కైంకర్యం నేటికీ సాగుతోంది. వైష్ణవం ఇంతగా గౌరవించిన ఈ సేవలో యుద్ధం, యాగం వంటివేవీ లేవు. ఉన్నదల్లా ఒక కడవ, ఒక అడవిదారి, తప్పని రోజు. ఇప్పుడు పాపవినాశనం దగ్గర డ్యాము ఉంది. దానితో పాటు గోగర్భం, ఆకాశగంగ, కుమారధార, పసుపుధార డ్యాములూ కొండ మీది యాత్రికుల దాహం తీరుస్తున్నాయి. కొండ కింద చంద్రగిరి మండలంలో 1977 నాటి కల్యాణి డ్యాము నీరు తిరుపతికీ తిరుమలకూ అందుతోంది. నంబి భుజం మీద ఉన్న బరువు ఇప్పుడు ఈ కట్టల మీద ఉంది. ఈ కట్టలను కాచేవారి కొలువూ ఆ కైంకర్యానికి కొనసాగింపే.

డ్యాముల భద్రత చట్టం 2021 డిసెంబరు 30న అమలులోకి వచ్చింది. ప్రతి వర్షాకాలానికి ముందూ వెనుకా తనిఖీ చేయాలని, విధులను పాటించకపోతే శిక్ష తప్పదని అది చెబుతుంది. ఒక విధంగా ప్రత్యవాయాన్ని శిక్షాస్మృతిలోకి తెచ్చింది. కానీ అది ముఖ్యంగా 15 మీటర్లకు మించిన కట్టలకు వర్తించేది. 10 నుంచి 15 మీటర్ల వాటికి కొన్ని షరతులున్నాయి. పల్లె చెరువు కట్టలలో చాలావరకు ఆ ఎత్తుకు రావు కాబట్టి, వాటి విషయంలో ధర్మమే చట్టం పని చేయాలి.

డ్యాము నిండితే నాయకులు జలహారతి ఇచ్చి, పసుపు కుంకుమలు, చీర గంగమ్మకు సమర్పించడం ఆచారమైంది. ఆ ఆచారాన్ని తప్పుపట్టనక్కరలేదు. ఈ ప్రాంతానికి పెద్ద వరదలు ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి గనుక, సెప్టెంబరు ముగిసేలోగా ప్రతి గేటునూ ఎత్తి దించి చూసి, ఊట నీరు తేటగా ఉందో బురదగా ఉందో రాసి, ఆ నివేదికను హారతి పళ్లెం ఎత్తే ముందు కట్ట మీదే తెలుగులో అందరికీ చదివి వినిపించాలి. చదవడానికి నివేదిక లేని చోట హారతి ఇవ్వకూడదు.