రాయి అడ్డం పడితే గోదారి

గోదారమ్మ బలం నీళ్లలో ఉందనుకుంటాం. సగం బలం ఆమె మోసుకొచ్చే ఇసుకలో, గులకరాళ్లలో ఉంది. ప్రవాహం వేగం రెండింతలైతే అది దొర్లించగల రాయి బరువు 64 రెట్లు పెరుగుతుందని జలశాస్త్రం లెక్క. అందుకే ఏడాది పొడుగునా పారే నీరు ఒకెత్తు, శ్రావణ భాద్రపదాల్లో ఎర్రగా పోటెత్తే వరద ఒకెత్తు.

బండలో ఒక చిన్న పల్లం ఉంటుంది. దొర్లుకుంటూ వచ్చిన గులకరాయి అందులో చిక్కుకుంటుంది. సుడి దాన్ని తిరగలిలా తిప్పుతుంది. రాయి అరిగి పిండై పోతుంది, మరో రాయి వచ్చి పడుతుంది. పల్లం నున్నగా, గుండ్రంగా లోతెక్కుతుంది. పక్కపక్కనే రెండు గుంటలు పడితే, నడుమ గోడ పలచబడి ఏదో ఒక వరదలో కూలుతుంది. ఎంత ఓపిక! ఎన్ని వేల ఏళ్ల పట్టుదల!

రాయి అంతటా ఒకేలా ఉండదు. మెత్తని చోట నది అడుగు చప్పున దిగిపోతుంది, గట్టి చోట మెట్టులా నిలబడిపోతుంది. ఆ మెట్టు మీద లోతు తక్కువ, వాలు ఎక్కువ. అప్పటిదాకా నిదానంగా నడిచొచ్చిన నీరు ఒక్కసారి పరవళ్లు తొక్కుతుంది, తెల్లగా నురగలు కక్కుతుంది, హోరెత్తుతుంది. ఆ హోరు నాకు కోపంలా వినిపించదు. పని ఇంకా నడుస్తోందన్న చప్పుడది.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొర, ఎగువన పత్తి పండే సీమల దాకా పడవలు నడపాలని కలగన్నాడు. దారిలో మూడు రాతి అడ్డంకులు ఎదురయ్యాయి. దుమ్ముగూడెం దగ్గర మొదటిది, ఇంద్రావతి కలిసిన చోటికి కాస్త దిగువన ఇచ్చంపల్లి దగ్గర రెండోది, ప్రాణహిత మీద దేవలమర్రి దగ్గర మూడోది. ఆనకట్టలు, కాలువలు, లాకులతో వాటిని దాటాలని ఏళ్ల తరబడి చెమటోడ్చారు. చివరికి 1871లో పని ఆపేశారు. వాళ్లది చిన్న ప్రయత్నమేమీ కాదు. అయినా ఆ బండల మీద ఏటా పని చేస్తున్నది గోదారే.

అరగదీసిన ఆ రాతిపొడి వృథా పోలేదు. ఒండ్రై దిగువకు చేరి, లంకలై, కోనసీమ చేలై పరుచుకుంది. మనం తినే అన్నంలో ఆ బండల పాలుంది.

ఈసారి భద్రాచలం వెళితే రాముణ్ణి చూసి తిరిగొచ్చేయకండి. ఇంకాస్త ఎగువకు, దుమ్ముగూడెం దాకా వెళ్లండి. వేసవిలో వెళ్లండి, నీరు తగ్గి బండలు బయటపడతాయి.