ఎదుటివాని మాట



పరమేశ్వరుడు మనకందఱకును తండ్రియని పలుకుట సులభము. ఎదుటి కక్షలోనివాడును ఆ తండ్రి బిడ్డయే యని తలచుట కష్టము. నేడు మన పల్లెలు కొన్నింట నొక వీధివారు వేఱొక వీధివారి పెండ్లికి పోరు. చావు సంభవించినను గడప తొక్కరు. కారణమడిగినచో గట్టుతగవు కాదు, దాయాదిపోరు కాదు. “వారు మనవారికి వోటు వేయలేదు” అందురు.

ఇందొక వింత కలదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో గ్రామపంచాయతీ ఎన్నికలు రాజకీయపక్షముల గుర్తులతో జరుగవు. చట్టము పక్షమును పొలిమేర కావల నిలిపినది. మనమే దానిని చేయిపట్టి తెచ్చి మన యరుగుపై కూర్చుండబెట్టితిమి.

దీనికి ఏకగ్రీవమే మందని కొందఱందురు. 2021వ సంవత్సరపు ఎన్నికలలో ఏకగ్రీవ పంచాయతీలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ప్రోత్సాహక ధనమును సైతము ప్రకటించెను. ఊరివారు మనసు విప్పి మాటలాడి యొక్కటైనచో నది శ్లాఘ్యమే. బలవంతునికి వెఱచియో, ధనమున కాశించియో నోరు మూసికొన్నచో నది యైకమత్యము కాదు. శ్మశానమందును తగవులు లేవు గదా!

మేము న్యాయవాదివృత్తి నవలంబించినవారము. ప్రతిపక్షపు వాదము వినక తీర్పు చెప్పరాదని న్యాయస్థానమున నొక నియమము కలదు. ఆ నియమము కొఱకు ఏండ్ల తరబడి వాదించిన మేమే మా సొంతయూర దానిని మీఱితిమి. ఒకనాడు గ్రామసభలో మంచినీటి ప్రస్తావన వచ్చినప్పుడు ఎదుటి కక్షవాడొకడు మాటలాడుటకు లేచెను. అంతట మేమును, మావారును సభ విడిచి వెడలితిమి. అతడు చెప్పదలచినది ఊరిచివరి దళితవాడ కొళాయిలకు నీరు రాదనియే. మా యహంకారము వలన ఆ తల్లులు మఱియొక వేసవి యంతయు బిందెలు మోసిరి. ఈ పాపమును మేమెవరిపైనను మోపజాలము.

1992లో ఆమోదింపబడి, 1993 ఏప్రిల్ 24 నుండి అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగసవరణము గ్రామసభకు రాజ్యాంగమున స్థానమిచ్చినది. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివారును అందు సభ్యులే. గెలిచినవాడు, ఓడినవాడు అను భేదమచట లేదు. అయినను ఎన్నికనాడు ఎండలో బారులు తీరిన మనము సభనాడు ఇల్లు కదలము. పిమ్మట పంచాయతీ మనది కాదని నిందింతుము. 1890లో వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున పురమందిరమును నిర్మించిరి. ఊరివారు కూడి మాటలాడుటకు చోటు కావలయునని పెద్దలెఱిగిరి. నేడు చోటున్నది, కూడువారే కఱవైరి.

అభిప్రాయభేదమును విడువుడని మేము కోరుట లేదు. రాబోవు గ్రామసభకు పొండు. ఎదుటివాడు లేచినప్పుడు తుదివఱకు వినుడు. పిదప ఖండింపవలసినచో ఖండింపుడు. సభ ముగిసిన వెనుక నతనితో కలిసి నడచి యింటికి రండు. ఇంతమాత్రము చేయలేనివారము, సర్వమానవసౌభ్రాత్రమును గూర్చి చేయు ప్రసంగములు వట్టి శబ్దములు.

సర్వాంతర్యామీ! ఎదుటివాని కంఠమునను నీవే పలుకుచుందువని మఱచితిమి. మా చెవులు తెఱువుము. మా మూలమున దప్పికపడినవారికి మొదట నీరందించు బుద్ధిని మాకు ప్రసాదింపుము.

ఓం శాంతిః శాంతిః శాంతిః.